మూడో కాలు

నీలం పెట్టె, పెసరగింజకన్నా కాస్త పెద్దది.
నెత్తిన ఇత్తడి మర.
ఇరవై ఐదు చుట్లు తిప్పితే గాని
ఈ కొస నుంచి ఆ కొసకు పోదు.
కొస చేరాక కూడా ఆగదు,
టిక్కు టిక్కుమని తిరుగుతూనే ఉంటుంది.

కోటిలింగాచారి గారి చెయ్యి వణుకుతుంది.
షావుకారుపేటలో మూడో అంతస్తు గది,
నలభై ఏళ్లుగా వెండికి బంగారు పూత వేస్తున్న చెయ్యి.
మెట్టెలకు మూడు వోల్టులు,
పట్టీలకు నాలుగు దాకా,
వంకీకి ఎంతండీ అంటే "రంగు చూసి" అంటారు.
రంగు చూసే కన్ను కన్నులాగే ఉంది.
స్క్రూడ్రైవరే మర మీంచి జారి
పక్కనున్న కాయిల్‌ని గీరుతోంది.

"దీనికో చెవి పెట్టమ్మా,
పాత రేడియోకి ఉండేదే,
పిడికిట్లో పట్టేంత చెవి."

రిచీ స్ట్రీట్‌లో మోకాలెత్తు వాననీళ్లు.
మీరాన్ భాయ్ "పత్తు కే?" అన్నాడు.
పాతదీ పదివేల ఓములే కదా,
తలూపాను.
ఆలోచించాల్సింది అక్కడే.

మూడు కాళ్ల టంకం ఒక్కసారే కరగాలి.
ఒకటి కరిగేలోపు మరొకటి గడ్డకడుతుంది.
చివరికి నీలం పెట్టెను కటింగ్ ప్లేయరుతో నలిపేసి
కాళ్లను ఒక్కొక్కటిగా పీకాను.
మూడు తీగలు, ఒక ఇంగువ డబ్బా,
మూతకు కన్నం, కన్నంలో చెవి.
కుడికి తిప్పితే వోల్టేజి తగ్గుతోంది,
తీగలు తారుమారు చేశానని అప్పుడు తెలిసింది.
"ఉండనీ, మా గ్యాసు పొయ్యీ అంతే"
అని ఆయనే తీర్పు చెప్పేశారు.

ఎనిమిదో రోజు ఫోను.
మెట్టెలు నల్లబడ్డాయి, ఒకటి కాదు, అయిదు జతలు.

డబ్బా విప్పాను.
మధ్యకాలి నుంచి తీగ ఊడి,
ఊడనట్టే దాని పక్కన నిలబడి ఉంది.
లోపలి చిప్‌కి తెలిసింది ఒకటే ప్రశ్న:
అవతల ఎంత చేరింది?
ఆ జవాబు ఈ తీగ మీదే రావాలి.
రాకపోతే, ఏమీ చేరలేదనుకుని
ఉన్నదంతా పోసేస్తుంది,
పన్నెండుకు పన్నెండూ.

ఆచారి గారు కంటికి భూతద్దం పెట్టుకుని
నా పనిలోకి వంగారు.
"మెరవలేదు.
మెరవని టంకం అతకలేదన్నట్టే.
వెలిగారం వేశావా?"
ఫ్లక్సు తీగలోనే ఉంటుందండీ అన్నాను.
"ఉంటే చాలదు. తాకాలి."

ఇంకేమన్నా బాగుండేది.
సోల్డరింగ్ ఐరన్ తనే అందుకున్నారు,
మొన గాల్లో సున్నాలు చుడుతోంది.
"నా మణికట్టు పట్టుకో."
పట్టుకున్నాను.
లోపల నాడి, బయట వణుకు, వాటి మధ్య నా వేళ్లు.
పొగ లేచింది.
చుక్క పరుచుకుని పాదరసంలా నిలిచింది,
ఇద్దరం ఊపిరి వదిలాం.

ఈసారి రెండువేల ఓములది తెచ్చాను.
తీగను ముందు ఖాళీగా ఉన్న మూడో కాలికి అతికించి,
అక్కణ్ణుంచి మధ్యకాలికి.
రేపు మధ్యది పట్టు వదిలినా
మూడోది జవాబు చెబుతుంది.
సరైన జవాబు కాదు. ఎక్కువే చెబుతుంది.
కానీ పన్నెండు దాకా పోనివ్వదు,
ఎనిమిదిన్నర దాటాక ఆగుతుంది.

మెట్టెలకు డబ్బులిస్తానంటే
చింతపండు పులుసులో వేసి ఉంచారట, వినలేదు.

మూత మీద నేను అంటించిన కాగితం,
మూడు, మూడున్నర, నాలుగు,
గోటితో ఒలిచేశారు.
చెక్కుడు ఉలి తీసుకుని
చెవి చుట్టూ రెండు గాట్లు పెట్టారు.
వణికిన చోట గాటు రెండుగా చీలింది.
ఇది మెట్టెలకు. ఇది పట్టీలకు.

వంకీకి?

చెవిని ఎడమకు, వెంట్రుకవాసి తిప్పి
తొట్టిలోకి చూస్తున్నారు.
అక్కడ గాటు పెట్టలేదు.